కోళ్ల వలలో పడ్డ పాఠం

1975 ఆగస్టులో హైదరాబాదులో ఎంత డబ్బున్నవాడైనా ఇంట్లో టీవీ పెట్టుకుని చేసేదేమీ లేదు. నగరానికి టీవీ కేంద్రమే లేదప్పటికి. దూరదర్శన్ అక్కడ మొదలైంది 1977 అక్టోబరు 23న. చిత్రమేమిటంటే, అంతకు రెండేళ్ల ముందే మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల పల్లెల్లో బడిపిల్లలు పొద్దున్నే నేల మీద బాసింపట్టు వేసుకుని టీవీలో పాఠాలు చూశారు, అదీ తెలుగులో. నగరం కంటే పల్లెకి, ఇంటి కంటే బడికి ముందు టీవీ వచ్చింది. మన దేశంలో కొత్త వస్తువేదైనా ఇలా తలకిందుల వరసలో రావడం నాకు తెలిసి చాలా అరుదు.

ఆ ప్రయోగాన్ని పొట్టిగా ‘సైట్’ అన్నారు. ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలు చెప్పి చూడటం దాని పని. 1975 ఆగస్టు 1న మొదలై 1976 జూలై 31న ముగిసింది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాల్లో ఒక్కో చోట 400 చొప్పున మొత్తం 2,400 ఊళ్లను ఎంచుకున్నారు. మన రాష్ట్రంలో పైన చెప్పిన మూడు జిల్లాలతో పాటు అప్పటి హైదరాబాదు జిల్లా పల్లెలు కూడా ఉన్నాయి. ఊళ్లను ఎంచేటప్పుడు చూసిన మొదటి సంగతి వెనకబాటు. మామూలుగా మనవాళ్లు కొత్త పథకాన్ని మంత్రిగారి నియోజకవర్గంలోనో, జిల్లా కేంద్రానికి ఆనుకుని ఉన్న మంచి ఊళ్లోనో మొదలుపెట్టి, ‘త్వరలో అంతటా’ అని ఒక మాట అంటారు. ఇక్కడ ఆ పని చేయలేదు.

ఈ ఆలోచన విక్రమ్ సారాభాయ్‌ది. అహ్మదాబాదు మిల్లు యజమానుల ఇంట పుట్టి, కాస్మిక్ కిరణాల మీద పరిశోధన చేసి, 1966లో హోమీ భాభా పోయాక అణుశక్తి సంఘానికి అధ్యక్షుడైన మనిషి. దేశానికి అంతరిక్షం ఎందుకని ఎవరైనా అడిగితే ఆయన చంద్రుడి మీదకు పోదామనేవాడు కాదు. వాతావరణం, పంటలు, చదువు గురించి మాట్లాడేవాడు. అప్పటికి మన దేశంలో టీవీ అంటే ఢిల్లీ ఒక్కటే. 1959 సెప్టెంబరు 15న అక్కడ మొదలైంది, 1961లో ఢిల్లీ హైస్కూళ్లకు సైన్సు పాఠాలు ప్రసారం చేశారు. చాలా బళ్లలో ప్రయోగశాలలు లేవు, ఉన్నచోట సామాన్లు లేవు. ఒక మంచి పంతులు ఒకచోట ప్రయోగం చేస్తే వందల తరగతులు చూడవచ్చన్నది దాని వెనక ఉన్న లెక్క. 1967 జనవరి 26న రైతుల కోసం ‘కృషి దర్శన్’ వచ్చింది. ఢిల్లీ చుట్టుపక్కల 80 ఊళ్లలో ఊరికొక టీవీ పెట్టి, నలుగురూ చేరి చూసేలా ఏర్పాటు చేశారు. పల్లెజనం టీవీని చూసి బెదరరని, అందులో పనికొచ్చేది ఉంటే రోజూ వస్తారని దాంతో తేలింది.

కానీ ఢిల్లీ చుట్టూ 80 ఊళ్లంటే ఒక టవరు చాలు. దేశంలో ఊళ్లు 5 లక్షలకు పైగా ఉన్నాయి. టవరు తర్వాత టవరు వేసుకుంటూ పోతే ముందు ఊళ్లవాళ్ల మనవలు కూడా చదువులు ముగించేస్తారు, చివరి ఊరికి బొమ్మ రాదు. పైగా టవర్లు ఎక్కడ పడతాయి? జనం దట్టంగా ఉన్నచోట, డబ్బున్నచోట. అడవి పక్క ఊరు ఎప్పుడూ జాబితాలో ఆఖరిదే. ఆకాశంలో ఒక్క ఉపగ్రహం నిలబెడితే దానికి రాజధానీ ఒకటే, గూడెమూ ఒకటే. సారాభాయ్ పట్టుదలంతా ఇక్కడే. దేశం మెల్లమెల్లగా ఎదిగి ఎప్పటికో టీవీ దాకా రావాలన్న వాదనను ఆయన ఒప్పుకోలేదు.

మన దగ్గర ఉపగ్రహం లేదు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా దగ్గర ఒకటి తయారవుతోంది. 1969 సెప్టెంబరు 18న ఒప్పందం కుదిరింది. ఉపగ్రహాన్ని నాసా ఏడాదిపాటు ఇస్తుంది. నేల మీద కావలసిన సరంజామా, కార్యక్రమాలు, మనుషులు, మరమ్మతులు, అన్నీ భారతదేశానివే. ఒకరికొకరు పైసా ఇచ్చుకునేది లేదు. ఒప్పందం మీద సంతకాలు చేసినప్పుడు మన చేతిలో ఉన్నది అహ్మదాబాదులో ఒక భూకేంద్రం, కొద్దిమంది కుర్ర ఇంజినీర్లు. రెండేళ్లు తిరిగాక, 1971 డిసెంబరు 30న, సారాభాయ్ కోవలంలో నిద్రలోనే పోయాడు. వయసు 52. ఆయన మొదలుపెట్టినదాన్ని అహ్మదాబాదు అంతరిక్ష అనువర్తన కేంద్రం తలకెత్తుకుంది. దాని డైరెక్టరు యశ్‌పాల్, సైట్ నడిపిన పెద్ద ఏక్‌నాథ్ చిట్నిస్.

ఉపగ్రహం పేరు ఏటీఎస్-6. 1974 మే 30న అమెరికాలోని కేప్ కెనావరల్ నుంచి పైకి వెళ్లింది. రాకెట్టులో ముడుచుకుని వెళ్లి, పైన 9 మీటర్ల పైచిలుకు వ్యాసంతో విచ్చుకునే డిష్ దాని ప్రత్యేకత. మొదటి ఏడాది అమెరికాలోనే అలాస్కా, అపలాచియా కొండ ప్రాంతాల బళ్లకు, ఆస్పత్రులకు పని చేసింది. తర్వాత దాన్ని మెల్లగా తూర్పుకు జరుపుకుంటూ వచ్చారు. దారిలో 1975 జూలైలో అమెరికా, రష్యా వ్యోమనౌకలు అంతరిక్షంలో కలుసుకున్నప్పుడు ఆ బొమ్మలనూ మోసింది. చివరికి ఆఫ్రికాలో కెన్యాకు నెత్తిన, భూమధ్యరేఖ పైన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచింది.

అంత ఎత్తు నుంచి అది మన మీదకు పంపిన శక్తి 80 వాట్లు. ఇంట్లో వెలిగించుకునే బల్బంత. అంతే. ఆ బల్బు వెలుతురును కెన్యా పైనుంచి మహబూబ్‌నగర్ పల్లెలో పట్టుకుని బొమ్మగా మార్చాలి. అదీ పల్లెలో నిలిచే ఖర్చుతో.

ఇక్కడే ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చే ఘట్టం ఉంది. ఉపగ్రహం నుంచి వచ్చే సంకేతం పట్టాలంటే అప్పట్లో భూకేంద్రాల్లో నిలబడే భారీ లోహపు డిష్‌లు గుర్తొస్తాయి. అటువంటివి 2,400 చేయించడం, లారీల్లో ఎక్కించడం, వానకీ గాలికీ నిలబెట్టడం తలకు మించిన పని. అహ్మదాబాదు ఇంజినీర్లు 3 మీటర్ల వ్యాసంతో ఒక డిష్ తయారు చేశారు. దాని లోపలి తలం రేకు కాదు. కోళ్ల గూళ్లకు, ఫారాలకు కట్టే సన్న ఇనుప వల. బజారులో మీటర్ల లెక్కన దొరికేది.

వలకు అన్నీ కంతలే కదా, సంకేతం కారిపోదా? పోదు. ఏటీఎస్-6 పంపిన తరంగం పొడుగు సుమారు 35 సెంటీమీటర్లు. వల కన్ను రెండు మూడు సెంటీమీటర్లకు మించదు. తన పొడుగులో పదో వంతు కూడా లేని కంత ఆ తరంగానికి కంతగా లెక్కలోకి రాదు. రేకుకు తగిలినట్టే తగిలి వెనక్కి మళ్లుతుంది. గాలికి మాత్రం ఆ కంతలు దారి ఇస్తాయి. రేకు డిష్ అయితే తుపాను గాలికి తెరచాపలా లేచిపోయేది, దాన్ని ఆపడానికి కాంక్రీటు దిమ్మెలు కావాలి. వల డిష్ బరువు తక్కువ, విడివిడి ముక్కలుగా మోసుకెళ్లి ఊళ్లోనే బిగించవచ్చు. వంగితే స్పానరుతో, చేత్తో సరిచేయవచ్చు, చిరిగితే అతుకు వేయవచ్చు.

దాన్ని గురి పెట్టడం కూడా తేలికే. మన జిల్లాల నుంచి చూస్తే ఆ ఉపగ్రహం నడినెత్తిన ఉండదు. పడమర దిక్కున, కాస్త దక్షిణానికి, నేల నుంచి దాదాపు 37 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. బడి ముందు ఆ వైపు చెట్టూ గోడా అడ్డం లేకపోతే చాలు. ఆ కొలతల డిష్‌కు గురి ఒకటి రెండు డిగ్రీలు తప్పినా బొమ్మ మాయమైపోదు. పిల్లలు బంతి విసిరినా, మేక వచ్చి ఒళ్లు రుద్దుకున్నా పెద్దగా నష్టం లేదు. పల్లె ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు చేసిన డిజైను అది. ప్రయోగశాలలో అందంగా కనిపించే వస్తువు కావాలనుకుని ఉంటే వేరేలా ఉండేది.

ఆకాశంలో ఉన్నది ఒక్కటే కాబట్టి దానికి ఎంత ఖర్చయినా ఫర్వాలేదు, దాన్ని పెద్దదిగా, శక్తిమంతంగా చేద్దాం. నేల మీద ఉన్నవి వేలు కాబట్టి అక్కడ ప్రతి రూపాయీ తగ్గిద్దాం. సైట్ లెక్క మొత్తం ఈ రెండు వాక్యాల్లో ఉంది. బడికి పరికరాలు ఇవ్వాలనుకునే ప్రతి ప్రభుత్వానికీ ఎదురయ్యే లెక్కే ఇది. ఎక్కువసార్లు మనవాళ్లు దాన్ని తిరగేసి వేస్తుంటారు. ఖరీదైన వస్తువు బడిలో పెట్టి, దాన్ని నడిపించే వ్యవస్థ మీద పైసా పైసా పొదుపు చేస్తారు.

టీవీ సెట్లు, డిష్ నుంచి వచ్చే సంకేతాన్ని సెట్టుకు తగ్గట్టు మార్చే పెట్టెలు హైదరాబాదులో తయారయ్యాయి, ఈసీఐఎల్‌లో. ఇవాళ ఆ పేరు చెబితే బస్సు ఆగే కూడలి గుర్తొస్తుంది కానీ, 1967లో పుట్టిన ఆ సంస్థ మన దేశంలో ఎలక్ట్రానిక్స్ సొంతంగా చేసుకోగలమని నిరూపించిన వాటిలో ఒకటి. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పశ్చిమ గోదావరి మోగల్లు మనిషి. ఏ.ఎస్. రావు నగర్ ఆయన పేరు మీదనే ఉంది. సెట్టు తయారీలో వాళ్లు ఎదుర్కొన్న శత్రువు ఉపగ్రహం కాదు, మన కరెంటు. పల్లెలో వోల్టేజీ సాయంత్రం అందరూ దీపాలు వేసేసరికి కుంగిపోతుంది, రాత్రి మోటార్లు ఆగేసరికి ఎగిరి పడుతుంది. దుమ్ము, ఉక్క, ఎలుకలు, బల్లులు వీటికి తోడు. అన్నిటికీ తట్టుకునేలా సెట్టును తీర్చిదిద్దవలసి వచ్చింది. కరెంటు లేని కొన్ని ఊళ్లలో బ్యాటరీల మీద నడిపారు.

సెట్టు ఎక్కడ పెట్టాలన్నది ఇంకో తలనొప్పి. పెద్దరెడ్డి గారింటి అరుగు మీద పెడితే తాళం భద్రం, కరెంటు భద్రం. కానీ మాలవాడ పిల్ల అక్కడికి రాదు, రానివ్వరు. అందుకే అన్ని కులాలవాళ్లూ రాగలిగే బహిరంగ స్థలంలోనే పెట్టాలని నియమం పెట్టుకున్నారు. చాలాచోట్ల అది బడి అయింది, కొన్నిచోట్ల పంచాయతీ ఇల్లు. సెట్టును తెరిచి, మూసి, చూసుకునే బాధ్యత ఊళ్లోనే ఒకరికి అప్పజెప్పారు, తరచుగా పంతులుకే. చెడితే జీపులో మెకానిక్కు వస్తాడు. ఊళ్లను అక్కడొకటి ఇక్కడొకటి కాకుండా గుత్తులుగా ఎంచడానికి ఒక కారణం ఇదే. మరమ్మతు కేంద్రం నుంచి బయల్దేరిన జీపు ఊరి నుంచి ఊరికి తిరిగి రాగలగాలి. పనిచేస్తున్న సెట్లెన్ని, ఆగిపోయినవెన్ని అని లెక్క తీసుకుంటూ ఉండేవారు. ఏ రోజు చూసినా ఎక్కువ భాగం సెట్లు నడుస్తూనే ఉన్నాయి. ఆ రోజుల రోడ్ల మీద ఆ పని చేసిన మెకానిక్కుల పేర్లు ఎవరికీ తెలియవు. ఉపగ్రహం కథ చెప్పేవాళ్లు జీపు గురించి ఒక పేజీ అయినా రాయరు, నాకు అదొక ఫిర్యాదు.

ఇక పాఠం. రోజుకు నాలుగు గంటల ప్రసారం. సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు: వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, కొంచెం ఆటాపాటా, ఢిల్లీ నుంచి వార్తలు. అది ఎమర్జెన్సీ కాలమని మరచిపోకూడదు. ప్రయోగానికి అయిదు వారాల ముందే దేశంలో నోళ్లు మూతపడ్డాయి. అలాంటప్పుడు రాజధాని నుంచి సూటిగా పల్లెకు మాట చేర్చే యంత్రం ఏలేవాళ్లకు ఎంత ముద్దుగా కనిపించి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. పొద్దున్న గంటన్నర మాత్రం పూర్తిగా బడిపిల్లలది. అయిదేళ్ల నుంచి పన్నెండేళ్ల వయసువాళ్లకు. హిందీ, ఒరియా, తెలుగు, కన్నడం, ఒక్కో భాషకు 22 నిమిషాల చొప్పున.

పెట్టెలు, డిష్‌లు తయారు చేసుకోవడం కంటే ఆ 22 నిమిషాలు నింపడమే కష్టమైంది. మన దేశంలో పల్లె పిల్లల కోసం టీవీ కార్యక్రమాలు తీసిన అనుభవం ఎవరికీ లేదు. ఆకాశవాణి ఢిల్లీ, కటక్, హైదరాబాదుల్లో మూడు నిర్మాణ కేంద్రాలు పెట్టింది. హైదరాబాదు కేంద్రం తెలుగు, కన్నడ కార్యక్రమాలు చూసుకునేది. టేపు తయారయ్యాక నేరుగా పైకి పంపడానికి హైదరాబాదులో భూకేంద్రం లేదు. పైకి పంపే సదుపాయం అహ్మదాబాదులో, ఢిల్లీలో. కాబట్టి నాంపల్లి రైలుస్టేషనుకు వంద కిలోమీటర్ల లోపున్న మెదక్ పల్లె పిల్లకు చూపించవలసిన పాఠం హైదరాబాదులో పుట్టి, టేపులో అహ్మదాబాదు వెళ్లి, అక్కడి నుంచి కెన్యా నెత్తికెక్కి, మళ్లీ 36 వేల కిలోమీటర్లు దిగి వచ్చేది. హైదరాబాదులో ఉండి దాన్ని తీసినవాళ్లకేమో సాయంత్రం ఇంటికెళ్లి పిల్లలకు చూపించుకునే భాగ్యం లేదు.

ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పాఠ్యప్రణాళిక. నాలుగో తరగతి మూడో పాఠం అని నాలుగు భాషల పిల్లలకు ఒకేసారి చెప్పడం కుదరదు. అందుకే పుస్తకాన్ని పట్టుకుని వేలాడకుండా, పిల్లల కుతూహలం రేపే కార్యక్రమాలు తీయాలనుకున్నారు. సైన్సు కార్యక్రమాలు బొంబాయిలో ఇస్రో సొంతంగా తీసింది. యశ్‌పాల్‌కు ఇవంటే ప్రాణం. తర్వాతి కాలంలో దూరదర్శన్‌లో పిల్లల ప్రశ్నలకు జవాబులు చెబుతూ ఆయన కనిపించడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ‘బరువు లేని చదువు’ గురించి 1993లో ప్రభుత్వానికి నివేదిక ఇచ్చిన సంఘానికి అధ్యక్షుడూ ఆయనే. పిల్లవాడు ఇంటి చుట్టూ ఉన్న వస్తువులతోనే సైన్సు నేర్చుకోగలడన్నది ఆయన నమ్మకం. సీసా, దారం, నీళ్లు, ఎండ: ఇవి చూపిస్తే టీవీ ఆగిపోయాక కూడా పిల్లలు ఇంటికెళ్లి చేసి చూసుకుంటారు.

భాష విషయంలో మాత్రం ఒక చిక్కు ఉంది. స్టూడియో తెలుగు ఎవరి తెలుగు? ఆలంపూర్ ఇవతల మాట్లాడే మాటకీ, తుంగభద్ర దాటి కర్నూలులో మాట్లాడే మాటకీ, మెదక్ మాటకీ తేడా ఉంది. బడిపుస్తకం తెలుగు ఈ మూడింటికీ దూరం. ఏడేళ్ల పిల్లకు బొమ్మ కళ్ల ముందు కదులుతున్నంత సేపూ మాట అర్థం కాకపోయినా ఫర్వాలేదనిపిస్తుంది, బొమ్మ ఆగగానే ఏమీ మిగలదు. పరికరం చేరినంత మాత్రాన చదువు చేరినట్టు కాదని దీన్ని మించిన సాక్ష్యం అక్కర్లేదు. ఇవాళ చేతిలో ఫోనుతో ఇంగ్లీషు వీడియో చూస్తున్న అయిదో తరగతి పిల్ల పరిస్థితీ ఇదే.

పంతుళ్లను ఎవరూ మరవలేదు, అది సైట్ చేసిన మంచిపనుల్లో ఒకటి. టీవీ వస్తే తన ఉద్యోగం పోతుందేమోనన్న బెంగ కొందరిది, ‘ఇదొక అదనపు చాకిరీ’ అన్న విసుగు ఇంకొందరిది. ఒక గదిలో నాలుగు తరగతులను కూర్చోబెట్టి నడిపే ఏకోపాధ్యాయ పాఠశాలలో ఆ 22 నిమిషాలు ఊపిరి తీసుకునే సందు కూడా. అయితే బొమ్మ ముందు ఏం చెప్పాలి, బొమ్మ అయ్యాక ఏం అడగాలి? అది పంతులుకు ఎవరో ఒకరు చెప్పాలి. ప్రాథమిక పాఠశాల పంతుళ్లకు సైన్సు బోధన మీద ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండు రోజుల శిక్షణ రూపొందించింది, అదే ఉపగ్రహం ద్వారా, టీవీ, రేడియో, అచ్చు పుస్తకం, చేతితో చేసే పనులు అన్నీ కలిపి. రెండు విడతల్లో దాదాపు 48 వేల మంది శిక్షణ పొందారు. అంతమంది పంతుళ్లను ఒక చోటికి పిలిపించి, భత్యాలిచ్చి, భోజనం పెట్టి నేర్పాలంటే ఎన్నేళ్లు పట్టేదో ఊహించుకోవచ్చు. నన్నడిగితే సైట్‌లో ఎక్కువ కాలం నిలిచిన ఫలితం పిల్లల పాఠాల కంటే ఈ పంతుళ్ల పాఠాలదే అంటాను.

ఏడాది పొడుగునా పరిశోధకులు ఊళ్ల వెంట తిరిగారు. కొన్ని ఊళ్లలో మానవశాస్త్రవేత్తలు అక్కడే కాపురముండి జనాన్ని గమనించారు. తేలినవి ప్రభుత్వ ప్రకటనల్లో రాసుకునేంత గొప్పగా లేవు, అలాగని తీసిపారేసేవీ కావు. టీవీ ఉన్న బడి పిల్లలకు పరీక్షల్లో మార్కులేమీ గబగబా పెరగలేదు. టీవీ ఉంది కదా అని బడి మానేసిన పిల్లలు వెల్లువలా తిరిగి రాలేదు. పశువులు కాసే పిల్లవాడికి పశువులు అలాగే ఉన్నాయి, చెల్లెల్ని ఎత్తుకునే పిల్లకు చెల్లెలు అలాగే ఉంది. భాషలో మాత్రం మెరుగు కనిపించింది. పిల్లల మాటలు పెరిగాయి, చూసినదాన్ని చెప్పగలిగారు. పుస్తకం కాని చోట నుంచి కూడా నేర్చుకోవాలన్న ఆసక్తి పెరిగింది. సాయంత్రపు కార్యక్రమాల వల్ల ఎక్కువ లాభపడినవాళ్లలో చదువురాని ఆడవాళ్లున్నారు. చదవడం రానివాళ్లకు వార్త చేరే దారులు అంతకు ముందు చాలా తక్కువ మరి.

1976 జూలై 31న ప్రసారం ఆగిపోయింది. ఒప్పందం ఏడాదికే. ఇంకొంతకాలం ఉంచమని మన దేశం కోరుకున్నా ఉపగ్రహం అమెరికా వైపు ప్రయాణం కట్టింది. కొలంబోలో ఉండే రచయిత ఆర్థర్ సి. క్లార్క్ ఇంటి దగ్గర కూడా ఇస్రోవాళ్లు ఒక డిష్ బిగించి ఉన్నారు. స్థిర కక్ష్యలో ఉపగ్రహాలుంచి ప్రపంచమంతటికీ ప్రసారం చేయవచ్చని 1945లోనే రాసిన మనిషి కదా, ఆయన దగ్గర అది ఉండటం న్యాయమే. ఆయన టీవీలోనూ బొమ్మ పోయింది, పల్లె బడి టీవీలోనూ పోయింది.

తర్వాత ప్రభుత్వం హైదరాబాదు, గుల్బర్గా, రాయ్‌పూర్, జైపూర్, సంబల్‌పూర్, ముజఫర్‌పూర్‌లలో నేల మీద ట్రాన్స్‌మిటర్లు పెట్టి ఆ ఊళ్లలో కొన్నిటికైనా బొమ్మ తిరిగి తెచ్చింది. హైదరాబాదు దూరదర్శన్ 1977లో అలా పుట్టిందే. కానీ టవరు చేయి చాచినంత మేరకే బొమ్మ. సైట్ ఊళ్లలో సగానికి పైగా ఆ మేరకు అవతలే ఉండిపోయాయి. సారాభాయ్ దేన్ని తప్పించుకోవాలనుకున్నాడో మళ్లీ అక్కడికే వచ్చాం. నగరం చుట్టూ ఉన్నవాళ్లకు వచ్చింది, దూరానున్నవాళ్లకు పోయింది. ఈసారి నగరానికీ వచ్చింది కాబట్టి పత్రికలు సంబరంగా రాశాయి.

ఇస్రోకు మాత్రం సైట్ బడి అయింది. అక్కడ నేర్చుకున్నదే ఇన్సాట్‌కు దారి చూపింది. 1983 ఆగస్టులో ఇన్సాట్-1బి పైకి వెళ్లాక దేశమంతా టీవీ పాకింది. బడి పాఠాలు తీయడానికి హైదరాబాదులో రాష్ట్ర విద్యా సాంకేతిక సంస్థ వచ్చింది. 1984 ఆగస్టు 15 నుంచి యూజీసీ కాలేజీ పాఠాలు ప్రసారం చేసింది. అదే ఏడాది ‘క్లాస్’ పథకం కింద బ్రిటన్ నుంచి బీబీసీ మైక్రో కంప్యూటర్లు తెప్పించి మొదట 250 హైస్కూళ్లకు ఇచ్చారు. ఆ తర్వాత 1987లో కేంద్రం ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్’ మొదలుపెట్టింది. ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం రెండు గదులు, ఇద్దరు పంతుళ్లు, ఒక నల్లబల్ల, కొన్ని బోధనా సామాన్లు ఉండాలని దాని ఉద్దేశం. తేదీలు ఇంకోసారి చూడండి. పల్లె బడికి ఉపగ్రహం పాఠం చెప్పింది 1975లో. నల్లబల్ల కోసం పథకం పెట్టవలసి వచ్చింది 1987లో.

దీన్ని చూపించి ‘నల్లబల్లే లేనిచోట ఉపగ్రహం ఎందుకు’ అనే పెద్దమనుషులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ వాదన నాకు నచ్చదు. అది వినిపించేది ఎప్పుడూ పేద బడి గురించే. ఫీజులు కట్టే బడిలో నల్లబల్లా ఉంటుంది, కంప్యూటరూ ఉంటుంది, ఏది ముందని అక్కడ ఎవరూ అడగరు.

2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ వెళ్లింది, చదువు కోసమే కట్టిన ఉపగ్రహం. 2010లో దాని ఆయువు తీరింది. కింద బళ్లలో, కాలేజీల్లో బిగించిన పరికరాలను ఇంకో ఉపగ్రహం వైపు తిప్పి, సర్దుకునే పని మిగిలింది. పరికరాల మీద ఎంత శ్రద్ధ పెట్టారో, అవి ఆగిపోయిన తర్వాతి రోజు మీద అంత పెట్టలేదు. 2020లో కరోనా వచ్చి బళ్లు మూతపడ్డప్పుడు తెలంగాణ ప్రభుత్వం సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో తరగతివారీగా పాఠాలు చెప్పించింది. ఆంధ్రలో సప్తగిరి ఛానల్ ఆ పని చేసింది. స్మార్ట్‌ఫోను ఇంటికొకటి ఉన్నా అది నాన్నతో పాటు పనికి పోతుంది. టీవీ ఇంట్లోనే ఉంటుంది. ఆన్‌లైన్ తరగతుల గురించి అందరూ మాట్లాడుకుంటున్న రోజుల్లో ప్రభుత్వ బడి పిల్లల్లో చాలామందికి దొరికిన పంతులు టీవీ పంతులే.

ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ హైస్కూళ్లలో గోడకు ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు కనిపిస్తున్నాయి. వేలితో తాకితే గుండె బొమ్మ తిరుగుతుంది, కవాటాలు తెరుచుకుని మూసుకుంటాయి. నల్లబల్ల మీద సుద్దతో అది చూపించడం ఎంత గొప్ప పంతులుకైనా సాధ్యం కాదు. ఎన్ని బళ్లకు ఎన్ని ప్యానెళ్లు ఇచ్చామో పత్రికా ప్రకటనల్లో ఉంటుంది. సైట్‌వాళ్లు లెక్క కట్టింది ఇచ్చిన సెట్లను కాదు, ఆ పూట నడుస్తున్న సెట్లను. ఎవరైనా శాసనసభ్యుడు సభలో ఆ రెండో లెక్క అడిగితే బాగుంటుంది: మొన్న సోమవారం పొద్దున పది గంటలకు ఏ జిల్లాలో ఎన్ని ప్యానెళ్లు వెలిగాయి, వెలగనివాటి దగ్గరికి మెకానిక్కు ఎన్ని రోజులకు వెళ్లాడు, ఎవరు పంపారు, ఎవరు డబ్బిచ్చారు.